ఈశాన్యం పల్లం

నా ఉద్యోగం ఏమిటని బంధువుల్లో ఎవరైనా అడిగితే నాకంటే ముందు అక్క జవాబిచ్చేది. "ఏముండాది, కంప్యూటర్లో చుక్కల ముగ్గులు ఏస్తాది. దానికి నెలనెలా జీతం ఇస్తారు" అనేది. ఎగతాళికే అన్నా, నా పనిని అంతకంటే దగ్గరగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఎలక్ట్రానిక్ సిటీలో మా కంపెనీ వేరే సంస్థల కంప్యూటర్ వ్యవస్థలను కనిపెట్టుకుని ఉంటుంది. ఒక్కో సంస్థకు వందల ప్రోగ్రాములు. ఒకటి ఇంకోదాన్ని అడుగుతుంది, అది మరోదాన్ని అడుగుతుంది. ఎక్కడో ఒకటి మూలుగుతూ కూర్చుంటే దాన్ని నమ్ముకున్నవన్నీ వరసగా పడిపోతాయి. అప్పుడు మొదలవుతుంది మా మీటింగుల్లో గలాటా. ప్రతి జట్టూ పక్క జట్టు వైపు వేలు చూపిస్తుంది. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మా ఆఫీసులోనే పుట్టిందని నా అనుమానం. నేను చేసేదల్లా ఒక్కో ప్రోగ్రాముకు ఒక చుక్క పెట్టి, ఏది పడ్డాక ఏది పడిందో చూసి, దీన్నుంచి దానికి బాణం గీయడం. మొదట వచ్చే గ్రాఫు పిల్లి ఆడుకున్న దారపు ఉండలా ఉంటుంది. అసలు పని ఆ తర్వాతే. ఒకటోది పడితే రెండోది, రెండోది పడితే మూడోది పడిందని తేలాక, ఒకటి నుంచి మూడుకు నేరుగా ఉన్న గీత దండగ. దాన్ని తీసేస్తాను. అలా దండగ గీతలు ఒక్కొక్కటే తీస్తూ పోతే మధ్యాహ్నానికి బొమ్మ తేటపడుతుంది. బాణాలన్నీ బయల్దేరిన చుక్క ఒకటి మిగులుతుంది. మీటింగులో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదులుతారు, ఆ చుక్క తాలూకు జట్టు తప్ప.

ఆ ఊపిరి చప్పుడుకు నేను అలవాటు పడిపోయాను. ఎంత చిక్కుపడిన వ్యవహారంలోనైనా లోపల ఒక సులువైన సంగతి ఉంటుందని, దాన్ని వెతికి పట్టుకోవడం అందరికీ మంచిదని నమ్మేదాన్ని. మొదటి మాట ఇప్పటికీ నమ్ముతాను. రెండోది నమ్మడం మానేశాను.

మాది చిక్కపేట. తాతలు హిందూపురం వైపు మగ్గాలు వదిలేసి వచ్చిన నేతపనివాళ్ళు. నాన్న చీరల అంగడిలో పనిచేసేవాడు. ఒకే నడవా, వరసగా గదులు, అందరికీ కలిపి ఒక కొళాయి ఉన్న వఠారంలో మేము పెరిగాము. అమ్మ ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. ఇంటి యజమాని ఖాళీ చెయ్యమన్నప్పుడల్లా ఆ పసుపు గడపను అక్కడే వదిలేసి, ఇంకో వఠారంలో ఇంకొకరి గడపకు మళ్ళీ మొదటినుంచి పసుపు రాసేది. అక్క అది చూస్తూ పెరిగింది. పెళ్ళయ్యాక బావను నగలడగలేదు, పట్టుచీరలడగలేదు. "మనది అనే గడప ఒకటి ఉంటే చాలు" అందట.

బావ కూడా చిక్కపేట చీరల అంగడి మనిషే. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. అమ్మకాల్లో ఉన్నవాడికి అది చిన్న లోపం కాదు. చీర చేతిలో పట్టుకుని మురిసిపోతున్న ఆవిడతో, "ఈ రంగు నిలబడదమ్మా, ఆ పక్కది తీసుకోండి" అనేవాడు. యజమాని పళ్ళు కొరుక్కునేవాడు. కానీ ఆ మాట కోసమే వెతుక్కుంటూ వచ్చే ఆడవాళ్ళు ఉండబట్టి ఉద్యోగం నిలిచింది. అలా ఏళ్ళ తరబడి కూడబెట్టి, చివరికి హూడి దాటాక, చెరువు పక్కన పడిన ఒక కొత్త లేఔట్లో సైటు చూశారు.

సైటుది పడమటి ముఖం. అందుకని చాలామంది చూసి వద్దనుకుని పోయారు. బావ చింతామణి నుంచి ఒక వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. సన్నగా పొడుగ్గా ఉన్న ముసలాయన. చెప్పులు రోడ్డు మీదే విడిచి సైటులోకి వచ్చి, ఒక చెంబుడు నీళ్ళు అడిగాడు. నైరుతి మూలన నిలబడి చెంబు మెల్లగా వంచాడు. ఎండిన మట్టి మీద నీళ్ళు కాసేపు తడబడి, ఆ తర్వాత దోవ గుర్తొచ్చినట్టు సూటిగా ఈశాన్యానికి పారాయి. మేమంతా ఆ నీళ్ళ వెంబడి నడిచాము.

"చూడప్పా, నేను చెప్పేదేముండాది, నీళ్ళే చెప్తా ఉండాయి" అన్నాడు ముసలాయన. "ఈశాన్యం పల్లం. ఆ పక్క చెరువు. వాకిలి పడమరైతే కానీలే, ఇట్లాంటి నేల అందరికీ దొరకదు. కండ్లు మూసుకుని తీసుకో."

మనవాళ్ళలో ఇల్లు కట్టబోయే ఎవరినడిగినా చెప్తారు, నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉంటే సిరి నిలుస్తుందని. నేల ఎందుకలా వాలి ఉందని మాత్రం ఎవరూ అడగరు. మేమూ అడగలేదు. ఎదురుగా ఎవరైనా గీత గీస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆఫీసులో దబాయించే నేను కూడా, ఆ చెంబు నీళ్ళు చూసి అందరితో పాటు చేతులు జోడించాను.

గృహప్రవేశం నాడు పాలు తూర్పుకు పొంగాయి. వచ్చినవాళ్ళంతా అక్క అదృష్టాన్ని మెచ్చుకున్నారు. సింహద్వారానికి బావ టేకు గడప చేయించాడు. అక్క దానికి పసుపు రాసే తీరు చూసి అమ్మ ఏడ్చేసింది. ఎవరైనా మాటల్లో పడి ఆ గడప మీద కూర్చుంటే అక్క ఊరుకునేది కాదు. "లెయ్యండి, లెయ్యండి, గడప మీద కూర్చుంటే ఇంటికి అప్పు వస్తాది" అని పెద్దవాళ్ళనైనా లేపేసేది.

మొదట్లో వానలు సరిగ్గా లేవు కాబట్టి ఏమీ తెలియలేదు. ఈలోగా చుట్టూ ఇళ్ళు లేచాయి. పైన గుట్ట మీద పెద్ద అపార్ట్‌మెంట్ ఒకటి లేచింది. తర్వాత ఒక ఏడాది, సాయంత్రం టీ వేళకు గట్టి వాన పట్టింది. చూస్తుండగా లేఔట్ అంతా మోకాలి లోతు నీళ్ళు. అక్క ఇంట్లో సోఫా, ఫ్రిజ్జు, బీరువా కింది అరలో దాచుకున్న పెళ్ళిచీర, అన్నీ నానాయి. అవి ఉత్త వాననీళ్ళయితే ఆరబెట్టుకునేది. మోరీ నీళ్ళు, వీధుల మురుగంతా. ఎన్నిసార్లు కడిగినా గోడల్లోంచి ఆ వాసన పోలేదు. ఆ తర్వాత ప్రతి వానాకాలమూ అదే. బావ గేటుకు అడ్డంగా ఇటుకల కట్ట కట్టించాడు, ఇసుక మూటలు పేర్చాడు. నీళ్ళు వాటిని లెక్క చేయలేదు. మబ్బు పట్టగానే అక్క బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించేది. కొన్నాళ్ళకు దాన్ని కిందికి దింపడమే మానేసింది.

లేఔట్‌కు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నీళ్ళెందుకు వస్తున్నాయో అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. అపార్ట్‌మెంట్ వాళ్ళు గోడ ఎత్తు పెంచారని కొందరు, రోడ్డు పనుల మట్టి మోరీల్లో పడిందని కొందరు, పై వీధి వాళ్ళు చెత్త పడేస్తున్నారని కింది వీధి వాళ్ళు, కింది వీధి వాళ్ళు కార్ల కోసం ర్యాంపులు కట్టి మోరీ మూసేశారని పై వీధి వాళ్ళు. వాన రోజు అందరూ అందరినీ తిట్టుకునేవాళ్ళు. మర్నాడు ఎండ రాగానే చీపుర్లు, బకెట్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. అక్క పక్కింటావిడ ఇంట్లోకీ నీళ్ళు వచ్చేవి, కానీ ఆమె వంటగది మేడ మీద. అందుకని నీళ్ళు వచ్చిన ప్రతిసారీ అక్కావాళ్ళకు అక్కణ్ణుంచే గిన్నెలో చిత్రాన్నమో, చారూ అన్నమో వచ్చేది. ఆ గిన్నె ఖాళీగా తిరిగిపోకూడదని అక్క అందులో గుప్పెడు చక్కెరైనా వేసి పంపేది.

బావ లేఔట్ సంఘానికి సెక్రటరీ. అబద్ధం చెప్పడని అందరూ కలిసి ఆయన నెత్తిన పెట్టిన పదవి అది. వానలు తగ్గాక ఒక ఆదివారం భోజనానికి వెళ్తే, అన్నం కలుపుకుంటూ అడిగాడు.

"ఏమ్మా, మీ ఆఫీసులో ఏస్తావే ఆ బొమ్మ, మాకూ ఒకటి ఏసియ్యి. అపార్ట్‌మెంట్ వాళ్ళ మీద అర్జీ పెడతా ఉండాము. నోటిమాట చెప్తే ఆఫీసర్లు వినరు. బొమ్మ చూపిస్తే వింటారు."

"వాళ్ళదే తప్పని ముందు తేలాల గదా బావా" అన్నాను.

"తేలేదేముండాది? పైనుండేది వాళ్ళు. నీళ్ళు పైనుంచే గదా దిగేది?"

అక్క గరిటె పట్టుకుని నవ్వింది. "ఏసియ్యే. ప్రతి ఆదివారం వచ్చి సుమ్నే, ఊరికే తిని పోతావు."

సరేనన్నాను. ఏటేటా మునిగిపోతున్న అక్క ఇంటికి నా చుక్కలు మొదటిసారి పనికిరాబోతున్నాయి. ఆ సాయంత్రం మెట్రోలో నాలో నేనే నవ్వుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వు మీద ఒళ్ళు మండుతుంది.

ముందు ఇంటింటికీ వెళ్ళి అడిగాను. ప్రతివాళ్ళూ "మా ఇంట్లోకే ఫస్ట్ వచ్చింది మేడమ్" అన్నారు. జ్ఞాపకాలను నమ్ముకుంటే పని జరగదని అర్థమైంది. అప్పుడు గ్రూపు గుర్తొచ్చింది. నీళ్ళు గుమ్మం దాటగానే ఇప్పటి మనుషులు చేసే మొదటి పని ఫోటో తీసి గ్రూపులో పెట్టడం, రెండో పని సామాన్లు ఎత్తడం. ప్రతి మెసేజీ కిందా సమయం ఉంటుంది. తిట్లు, శాపనార్థాలు, దండాలు వడగట్టేసి, "మా ఇంట్లోకి వచ్చేశాయి" అన్నవి మాత్రం ఏరాను. ఒక్కో ఇంటికి ఒక చుక్క. ముందు మునిగిన ఇంటి నుంచి తర్వాత మునిగిన ఇళ్ళకు బాణాలు. దొరికిన వానలన్నిటివీ గీశాను. ఎప్పటిలాగే మొదట దారపు ఉండ వచ్చింది. ఎప్పటిలాగే దండగ గీతలు తీయడం మొదలుపెట్టాను.

అపార్ట్‌మెంట్ గోడ దగ్గర మొదలై చెరువు వైపు దిగే బాణాల కోసం నేను చూస్తున్నాను. బొమ్మ తేటపడింది గానీ తిరగబడి తేటపడింది. బాణాలన్నీ కిందినుంచి పైకి పోతున్నాయి. అపార్ట్‌మెంట్ పక్కనున్న ఇళ్ళు అందరికంటే చివర మునిగాయి. అంటే పైనీళ్ళు వీధుల్లో ఎక్కడా నిలవకుండా కిందికి దిగిపోతున్నాయి. కింద ఎక్కడో అడ్డం తగిలి, నిండి, వెనక్కి ఎగదన్నుతున్నాయి. లేఔట్ కిందినుంచి ఒక్కో వీధిగా నిండుకుంటూ వస్తోంది. బాణాలన్నీ బయల్దేరిన చుక్క ఒక్కటే. అది అక్క ఇల్లు.

నమ్మబుద్ధి కాలేదు. అక్కకు భయమెక్కువ, ఫోను చేతిలోనే ఉంటుంది, అందుకే అందరికంటే ముందు మెసేజీ పెడుతుందేమో అనుకున్నాను. అక్క మెసేజీలన్నీ తీసేసి మళ్ళీ గీశాను. ఈసారి పక్కింటావిడ ఇల్లు, అటుపక్క ఇల్లు, ఎదురిల్లు, మూడూ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. మధ్యలో ఒక ఇల్లు పట్టేంత ఖాళీ. బావ గేటుకు ఇటుకల కట్ట కట్టించిన ఏడాది చూస్తే, ఆ మూడు ఇళ్ళూ ఇంకా ముందే మునిగాయి.

శనివారం పొద్దున, బావ అంగడికి వెళ్ళాక, ఇంటి చుట్టూ తిరిగి చూశాను. ఎదురుగా రోడ్డు అవతల, కొంచెం దక్షిణంగా, పై వీధుల పెద్ద మోరీ దిగివచ్చి బండల కింద మాయమవుతుంది. అది రోడ్డు కింద ఎటో తిరిగి పోతుందని అందరమూ అనుకునేవాళ్ళం. ఇంటి వెనక ఈశాన్యం మూల, ప్రహరీ అవతల ముళ్ళకంప పక్కకు లాగితే, పాతకాలపు రాతి కాలువ ఒకటి కనిపించింది. గడ్డి మొలిచి, సగం పూడి, చెరువు వైపు పోతోంది. దాని ఇవతలి కొస అక్క ప్రహరీ గోడకు తగిలి ఆగిపోయింది. ఆ కొసా ఈ కొసా కలిపితే, ఆ రోజు చెంబు నీళ్ళు పారిన గీతే. నేల సిరి కోసం వాలి లేదు. ఎవరో కాలువను పూడ్చి, చదును చేసి, సైటని అమ్మారు. పూడ్చిన మట్టి కాలువ దోవనే కొంచెం కుంగింది. దాన్ని చూసి మేము దండం పెట్టాము.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా లేఔట్లో ఆ రెండూ నీళ్ళకే తెలుసు.

తర్వాత చాలా రోజులు వేరే దోవ కోసం వెతికాను. కాలువను పక్కనుంచి తిప్పడానికి చోటు లేదు, అటూ ఇటూ గోడకు గోడ ఆనించి ఇళ్ళు కట్టారు. రోడ్డు కిందుగా తిప్పితే ఎత్తు చాలదు. ఎన్ని విధాల గీసినా ఒకటే తేలింది. అక్క ఇంటి చుక్కను తీసేస్తే లేఔట్లో ఇంకెవరింట్లోకీ నీళ్ళు రావు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను అక్కను పట్టాను.

అనపకాయల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. అక్క నానిన అనపగింజలు ముందేసుకుని, పితికిపప్పు కోసం ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కి తొక్క తీస్తోంది. నేను లాప్‌టాప్ తెరిచి పక్కన పెట్టాను. ఇంటి నంబర్లు తీసేశాను, ఉత్త చుక్కలూ బాణాలే ఉంచాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక అలా చేశాను. అక్క తలవంచి చూసింది.

"మన లేఔట్ గదా ఇది" అంది. "ఇది గుడి సందు. ఇది మా వీధి." తడిచెయ్యి తగలకుండా గాలిలోనే చూపిస్తూ కిందికి వచ్చింది. "ఈ చుక్క మాదా?"

"మీదే అక్కా."

"అన్నీ ఆడనుంచే పోతా ఉండాయే?"

నేను చెప్పాను. మోరీ, గోడ వెనక కాలువ, చెంబు నీళ్ళు. చెప్పినంతసేపూ ఆమె చేతులు ఆగలేదు, పప్పు పళ్ళెంలో పడుతూనే ఉంది. అంతా విన్నాక, "అయితే మా ఇంట్లోకి నీళ్ళు వస్తా లేదు. మా ఇంటి నుంచి అందరి ఇండ్లలోకీ పోతా ఉండాయి" అంది.

"తెలిసి కట్టినారా అక్కా? మీ తప్పేముండాది?"

"తప్పెవరిదని అడిగినానా నేను? పక్కింటాయమ్మ తన ఇంట్లో నీళ్ళు ఎత్తిపోసుకుంటా మాకు అన్నం పంపించింది. ఆ నీళ్ళు తోసింది మేమే." చిన్నపిల్లలా అడిగింది. "ముగ్గే గదే ఇది. చెరిపేయరాదా?"

"చెరిపేస్తే నీళ్ళు ఆగుతాయా?"

ఆ మాట అలా అనకుండా ఉండాల్సింది. అక్క మొహం చూడలేకపోయాను. "మీ బావకు చెప్పొద్దు" అంది. "ఆయనకు తెలిస్తే పదిమందికీ చెప్పకుండా ఉండలేడు. అయిపోతాది అంతా." మళ్ళీ తనే అంది, "చెప్పకుంటే ఆ అర్జీలో సంతకం పెడతాడు. బతుకంతా అబద్ధమాడని మనిషితో, నా ఇంటి కోసం నేను అబద్ధం రాయించాలా?"

సాయంత్రం బావ రాగానే, చెప్పులైనా విప్పకముందే అక్క తనే చెప్పేసింది. నేను బొమ్మ చూపించాను. బావ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా గడప మీద కూర్చుండిపోయాడు. అక్క ఆయనను లెమ్మనలేదు. దీపం పెట్టే వేళయినా ఆయనను దాటుకునే అటూ ఇటూ తిరిగింది.

మర్నాడు బావ చింతామణి ముసలాయనకు ఫోను చేశాడు. దెబ్బలాడటానికి కాదు, ఏదైనా శాంతి ఉందేమో అడగడానికి. "నేను పల్లం ఉండాదంటినప్పా, కాలువ లేదంటినా?" అన్నాడట ఆయన. బావ ఆ మాట నాతో చెప్పి, "నిజమే గదమ్మా, ఆయనా అబద్ధం చెప్పలేదు" అన్నాడు. ఆ మంచితనం చూస్తే నాకు కోపం వచ్చింది. ఎవరినో ఒకరిని తిట్టమని అరవాలనిపించింది.

ఆదివారం సంఘం మీటింగు పక్కింటావిడ మేడ మీద జరిగింది. అర్జీ కాగితం సంతకాలకు సిద్ధంగా ఉంది. బావ లేచి నిలబడ్డాడు. "అపార్ట్‌మెంట్ కాదప్పా. మా ఇల్లే. మా ఇల్లు కాలువ మీద ఉండాది" అన్నాడు. నా బొమ్మ చేతులు మారుతూ తిరిగింది. ఒకరికొకరు చూపించుకున్నారు. అప్పుడు విన్నాను, మా ఆఫీసు మీటింగులో వినే ఆ చప్పుడు. అంతమందీ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. అక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె కూడా విన్నది.

మొదట అందరూ మంచిగానే మాట్లాడారు. అయ్యో, మీకేం తెలుసు అన్నారు. మోసపోయారు పాపం అన్నారు. బావ నిజాయితీని మెచ్చుకున్నారు. వారం తిరక్కముందే ఆ మాట "మరి ఏం చేద్దామనుకుంటున్నారు?" అయింది. తర్వాత "ఎప్పుడు?" అయింది. గ్రూపులో పై వీధి కింది వీధిని తిట్టడం మానేసింది. చెత్త సంగతి, ర్యాంపుల సంగతి, అపార్ట్‌మెంట్ గోడ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఏం ఎత్తినా చివరికి అక్క ఇంటి దగ్గరికే వస్తోంది. నా బొమ్మ చేయాల్సిన పని పూర్తిగా చేసింది. మనుషుల మధ్య దండగ గీతలన్నీ పోయి, బాణాలన్నీ ఒకే చుక్కను తాకాయి. అందరూ అందరినీ తిట్టుకుంటున్నప్పుడు ఏ ఒక్కరి మీదా అంత బరువు పడేది కాదు. కారణం తెలియకపోవడమే వాళ్ళందరినీ ఇన్నాళ్ళూ ఇరుగుపొరుగుగా ఉంచిందని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం?

బావ తనంతట తనే వెళ్ళి కార్పొరేషన్ ఆఫీసులో చెప్పాడు. ఒకాయన వచ్చి, పాత పటంతో సరిచూసి, కాలువ నిజమేనన్నాడు. ఫైలు కదులుతుందన్నాడు. ఆ ఫైలు కదిలేదాకా ఇల్లు పడగొట్టరు, వేరే చోటు ఇవ్వరు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. పక్కింటావిడ ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేది, అంతే. ఆమె గిన్నె ఒకటి అక్క ఇంట్లో ఉండిపోయింది. అక్క దాన్ని తోమి, బెల్లం వేసి, రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

మళ్ళీ వానల కాలం దగ్గరపడింది. ఒకరోజు అక్క ఫోను చేసి రమ్మంటే వెళ్ళాను. మేస్త్రీ ఉన్నాడు. వంటసామాను, దేవుడి పటాలు మేడ మీది చిన్న గదిలోకి చేరాయి.

"గడపలు తీయిస్తా ఉండా" అంది అక్క. "ముందరిదీ, వెనకదీ. గేటు కాడ కట్ట కూడా. వెనక గోడ ఆ మూలన పగలగొడితే నీళ్ళు మా ఇంట్లోంచే కాలువలోకి పోతాయి. అంతే గదా, నీ బొమ్మలో ఉండేది?"

అంతే. అంతకంటే ఏమీ లేదు. ఇల్లు తీసేయలేకపోతే ఇంటినే కాలువ చేయడం. నా లెక్కలో ఇది రాలేదు, ఎందుకంటే నేను దాన్ని ఇల్లనే అనుకున్నాను.

బావ వెనక గోడ వైపు చూశాడు. "ఈశాన్యం మూల పగలగొట్టకూడదే. ఈశాన్యం తెగితే ఇల్లు నిలవదంటారు" అన్నాడు.

"ఇప్పుడు నిలిచి ఉండాదా?" అంది అక్క.

మేస్త్రీ గునపం పెట్టి టేకు గడపను పైకి లేపాడు. నీళ్ళలో నాని నాని అడుగు నల్లబడింది, పైన మాత్రం పసుపు గట్టిగా పట్టి ఉంది. అక్క ఒక బట్ట తెచ్చి దాన్ని తుడిచి, చంటిబిడ్డను మోసినట్టు రెండు చేతులా ఎత్తుకుని మేడ మీదికి తీసుకుపోయింది. అక్కడ పెట్టడానికి చోటు లేక గోడకు నిలబెట్టింది. ఆ తర్వాత కిందికి దిగి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నేను గీయకపోయినా నీళ్ళు వచ్చేవే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ గునపం నా చేతిలోనే ఉన్నట్టనిపించింది.

మొదటి గట్టి వాన నాడు నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నమే చీకటి కమ్మింది. అక్క ముందు తలుపూ వెనక తలుపూ బార్లా తెరిచి, తలుపులకు రాళ్ళు అడ్డం పెట్టి, మెట్లెక్కి వచ్చేసింది. ముగ్గురమూ మెట్ల మీద కూర్చున్నాము. ఎదురు మోరీ పొంగింది. నీళ్ళు రోడ్డు దాటి, గేటు దాటి, గడప ఉండిన చోటు దాటి హాల్లోకి వచ్చాయి. చెప్పులు, చిత్తుకాగితాలు, ఎవరిదో ప్లాస్టిక్ మగ్గు కలిసి వచ్చాయి. ఎక్కడా ఆగలేదు. హాలు దాటి, వంటగది పక్కనుంచి, వెనక వాకిట్లోంచి, పగిలిన మూలలోంచి చెరువుకు పోయాయి. గోడల నడుమ ఆ హోరుకు ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

వాన జోరు తగ్గేసరికి అక్క చేతిలో ఫోను మోగడం మొదలైంది. గ్రూపు. పక్కింటావిడ తన వాకిలి ఫోటో పెట్టింది. తడిసిన ముగ్గు తప్ప ఒక్క చుక్క నీరు లేదు. "ఈసారి మన లేఔట్లో ఎవరింట్లోకీ నీళ్ళు రాలేదు. అంతా దేవుడి దయ" అని రాసింది. దాని కింద ఒక్కొక్కరే జోడించిన చేతుల గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. పై వీధి, కింది వీధి, గుడి సందు, అందరూ.

అక్క ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది. కాళ్ళ కింది మెట్టు దాకా నీళ్ళున్నాయి. పాదాలు ఒక మెట్టు పైకి తీసుకుని, అందరితో పాటు తనూ రెండు చేతుల గుర్తు పెట్టింది.